నాలుగు లేని మెనూ

పిక్‌థో ముప్పై ఆరేళ్లు మీటలు నొక్కి బతికింది. ఈ మాట అనేది ఆమే, అదీ గర్వంగానే. తైనాన్‌లో అరచేయంత తెరలు తయారుచేసే ఒక కంపెనీలో పందొమ్మిదో ఏట చేరింది. బల్ల మీదికొచ్చిన ప్రతి తెరకూ తీగలు తగిలించి, దాని కిందున్న మూడు మీటలూ నొక్కి, అక్షరాలు సరిగ్గా వెలుగుతున్నాయో లేదో చూడాలి. రోజుకు ఆరువందల తెరలు. చూపుడువేలి కొస కాయ కాసిపోయింది. తన వేలిముద్ర ఏ యంత్రమూ పట్టలేదనీ, దొంగతనానికి పోయినా దొరకననీ చెప్పి నవ్వేది.

ఆ బల్ల పక్కన నల్ల తెర కంప్యూటరు ఒకటి ఉండేది. ఇంజనీరు ఫాన్ దాని ముందు కూర్చుని, చేయవలసిన పనులన్నీ ఒక ఫైల్లో ఒకదాని కింద ఒకటి రాసేవాడు. ఆ ఫైలు పేరు కొడితే చాలు, యంత్రం వాటిని వరసగా చేసుకుపోయేది. దాన్ని షెల్ స్క్రిప్టు అంటారని చెప్పాడు. పిక్‌థో అతని భుజం మీదుగా నాలుగు రోజులు చూసింది.

"ఇదేం చదువు సారూ, మా అమ్మ వంట చెప్పినట్టే ఉంది. ఇది ఉంటే వెయ్యి, లేకపోతే అది వెయ్యి, కాసేపు ఆగు, అయ్యేదాకా తిప్పుతూనే ఉండు" అంది.

ఫాన్ కుర్చీలోంచి లేచి, "అయితే నువ్వే వండు" అని పక్కకు జరిగాడు.

ఆమె రాసిన మొదటి స్క్రిప్టు వంద తెరలకోసారి "వేలు మార్చు" అని చూపించేది. పైవాళ్లు చూస్తే ఉద్యోగం పోతుందని దాచుకుంది. ఫాన్ పట్టుకున్నాడు. పట్టుకుని, తిట్టకుండా, అన్ని బల్లలకూ పెట్టించాడు. ఆ తర్వాత కొత్తగా చేరిన ఆడపిల్లలందరికీ పని నేర్పింది పిక్‌థోనే. అన్ని మీటలూ నొక్కి చూడందే తెర పాసు కాదన్నది ఆమె శాసనం. రెండు నొక్కి మూడోది వదిలేసిన పిల్లకు ఆ పూటంతా చీవాట్లే.

పని మానేసే రోజున కంపెనీవాళ్లు ఆమెకో పెట్టెడు తెరలు కానుకగా ఇచ్చారు. ఇంకేం ఇవ్వాలో వాళ్లకూ తోచలేదు కాబోలు. వాటిని పట్టుకుని, సముద్రం ఒడ్డునున్న అత్తవారి ఊరు హాయ్‌బ్వే చేరింది. భర్త అప్పటికే తండ్రి పడవ అందుకుని, నీళ్లలో ఆల్చిప్పలు పెంచే దడులు చూసుకుంటున్నాడు.

ఆ తండ్రే చుయ్‌గ్వాన్. ఎనభై ఒక్కేళ్లు. ముప్పై మూడేళ్లుగా ఊరిపెద్ద. ఓట్లతో గెలిచిన ఊరిపెద్దే గానీ, ఊరివాళ్లకు ముందు ఆయనొక గొంతు, ఆ తర్వాతే మనిషి. పొద్దున్నే ఊరి హాల్లో మైకు ముందు కూర్చునేవాడు. స్తంభాల మీది పదకొండు హారన్లు ఆయన కేకకు దద్దరిల్లేవి. సముద్రం పోటు ఎప్పుడు, చేపల బండి వచ్చిందా, నీళ్లు ఆగుతాయా, ఎవరింట్లో పెళ్లి, అన్నీ ఆ గొంతులోంచే ఊరికి తెలిసేవి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కానీ ఆయన చెప్పిన పోటు టైము ఒక్కరోజూ తప్పలేదు.

కిందటి చలికాలం ఆయన గొంతులో కాయ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు, ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం కాగితం నలిపిన చప్పుడులా మిగిలింది. రోజుకు ఇరవై మాటలు, అవీ మెల్లగా, అంతకు మించితే అదీ ఉండదని డాక్టరు చెప్పాడు.

"ఇరవయ్యా? నాన్న దగ్గడానికే ఇరవై అవుతాయి" అన్నాడు పిక్‌థో భర్త.

చుయ్‌గ్వాన్ నవ్వలేదు. ఒక పలక తెప్పించుకున్నాడు. దాని మీద రాసిన మొదటి మాట, నెలాఖరుకి పదవి వదిలేస్తానని. ఆ ముక్కే కాగితం మీద రాసి, టౌను ఆఫీసులో ఇవ్వడానికి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆపరేషన్ అయిన నాటినుంచీ హాలు వైపు వెళ్లలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎదురు స్తంభం మీది హారన్‌ను చూస్తూ కూర్చునేవాడు. రెండు గిన్నెల గంజి తాగే మనిషి అరగిన్నెకు దిగాడు. పిక్‌థో తండ్రిని ఎరగని పిల్ల. పెళ్లయిన నాటినుంచీ ఆమెను ఒక తండ్రి పేరుపెట్టి పిలిచినట్టు పిలిచింది ఈ ముసలాయనే. మైకు చేతిలోంచి పోతే ఈ మనిషి ఏడాది తిరక్కుండా ఎండిపోతాడని ఆమెకు అర్థమైంది. నెలాఖరుకు పద్దెనిమిది రోజులుంది.

హాలు బీరువా సర్దుతుంటే టేపులు దొరికాయి. మధ్యాహ్నం మళ్లీ చెప్పే శ్రమ తప్పించుకోవడానికి ఆయన తన మాటల్ని రికార్డు చేసుకునేవాడు. నూటనలభై టేపులు. పిక్‌థో నేలమీదే చతికిలబడి, ఒకటి పెట్టి విని, కళ్లు తుడుచుకుని, ఇంకోటి పెట్టింది.

మర్నాటినుంచి వంటింటి బల్ల కంపెనీ బల్ల అయిపోయింది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, దానికో తెర, ఎరుపు, పసుపు, పచ్చ మీటలు. పసుపు పైకి, పచ్చ కిందికి, ఎరుపు "ఇదే కానీ". ఒక స్క్రిప్టు మీటల్ని కనిపెట్టుకుని ఉంటుంది. ఏది నొక్కితే దాని ప్రకారం తెర మీద పేరు మారుస్తుంది. ఎరుపు నొక్కగానే ఆ నంబరున్న ఇంకో స్క్రిప్టును లేపుతుంది. అది టేపులోంచి ఎక్కించిన మాటను యాంప్లిఫయరుకు పంపిస్తుంది. ఒకటి పోటు పలకరింపు, రెండు చేపల బండి, మూడు నీళ్ల ఆపు, నాలుగు ముసలివాళ్ల భోజనం. ఐదోదాన్ని తెర మీద పెట్టలేదు. అది వింటే నవ్వొచ్చే ఎప్పటిదో ఒక పాత టేపు, తను వినడానికని ఉంచుకుంది.

తీసుకెళ్లి మామగారి ముందు పెట్టింది. ఆయన చూసి పలక మీద రాశాడు. "నేను చచ్చానా, నా టేపులు వేస్తున్నావు?"

"చచ్చినవాళ్లు మీట నొక్కరు మావయ్యా. నొక్కండి."

ఆయన నొక్కాడు. పాత ట్రాక్టరు మీట నొక్కినట్టు, బొటనవేలితో, బలమంతా పెట్టి, వదలకుండా. తెర మీది పేర్లు గిర్రున తిరిగిపోయాయి. పిక్‌థో నవ్వాపుకుంటూ పోయి స్క్రిప్టులో ఒక వరస చేర్చింది. ఒకసారి నొక్కాక, వేలు తీసేదాకా ఇంకేమీ పట్టించుకోకు అని. ఈసారి సరిగ్గా పలికింది. ముప్పయ్యేళ్ల కిందటి చుయ్‌గ్వాన్ వంటింట్లో కేకేశాడు. ముసలాయన పలక అందుకుని, "గట్టిగానే అరిచేవాణ్ని" అని రాశాడు. ఆ పూట గిన్నెడు గంజి తాగాడు.

కానీ నాలుగు దగ్గర ఆగిపోయాడు. వేలు మీట మీదికి వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఆ ఊరి భాషలో నాలుగూ చావూ ఇంచుమించు ఒకేలా పలుకుతాయి. అక్కడి ఆసుపత్రుల్లో నాలుగో అంతస్తే ఉండదు.

పలక: "నాలుగు తియ్యి."

"అది వట్టి నంబరే కదా మావయ్యా."

పలక: "ముసలాళ్ల భోజనానికి చావు నంబరా? ఎవడు తింటాడు?"

పిక్‌థో తెర మీద నాలుగు తీసేసి, భోజనానికి ఐదు వేసింది. ఒకటి, రెండు, మూడు నొక్కి చూసింది. బాగానే పలికాయి. ఇంతలో అన్నం మాడు వాసన వచ్చింది, లేచి పరిగెత్తింది. కంపెనీలో పిల్లలందరికీ చెప్పిన నీతి ఇంట్లో పనికిరాలేదు.

బుధవారం పదకొండు గంటలకు చుయ్‌గ్వాన్ మూడు నెలల తర్వాత హాల్లో కాలుపెట్టాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జేబులో ఆ కాగితం అలాగే ఉంది. హాలు వెనక భోజనం తయారుగా ఉంది. పిలవడమే తరువాయి. ఆయన ఐదు దాకా తెచ్చి, ఎరుపు నొక్కాడు. తెర మీద ఐదు ఉంది కదా, స్క్రిప్టు కూడా ఐదో నంబరుదాన్నే లేపింది.

పదకొండు హారన్లూ ఒక్కసారి గొంతెత్తాయి. "ఊళ్లోవాళ్లందరికీ మనవి! ఆహున్ పంది తాడు తెంపుకుంది! నల్లది, పెద్దది! ఆల్చిప్పల గుట్టల వైపు పోయింది! ఎవరూ కొట్టకండి, చూడి పంది! ఎక్కడున్నవాళ్లు అక్కడే అడ్డం నిలబడండి!"

ఆహున్‌కు డెబ్బై నాలుగేళ్లు. ఆల్చిప్పల పాకలో కూర్చుని చిప్పలు వొలుస్తోంది. పందుల్ని అమ్మేసి పాతికేళ్లయింది. అయినా చేతిలో కత్తి పడేసి, గోడకున్న తాడు లాక్కుని, రబ్బరు బూట్లతో వీధిలో పడింది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్లు. భోజనానికి బయల్దేరిన ముసలివాళ్లు చేతికర్రలు అడ్డం పెట్టి వీధి కొసన నిలబడ్డారు. చేపల బండివాడు బండిని అడ్డంగా తిప్పి సందు మూసేశాడు. పావుగంటసేపు హాయ్‌బ్వే ఊరు ఊరంతా లేని పందిని చుట్టుముట్టింది.

ముందుగా తెలివి తెచ్చుకుంది ఆహున్. గుట్ట పక్కన ఆగి, చేతిలో తాడు చూసుకుని, "అయ్యో, నాకు పంది ఎక్కడిదే?" అని కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి అంటుకుని హాలు దాకా వచ్చింది. అందరూ లోపలికి వచ్చేసరికి పిక్‌థో మొహం చెల్లక తెర వెనక తల దాచుకుంది.

"నంబరు మార్చి స్క్రిప్టు మార్చలేదు. ఐదో నంబరు పరీక్ష చెయ్యలేదు. నా దగ్గర పని నేర్చుకునే పిల్ల ఇలా చేస్తే చెవి మెలిపెట్టేదాన్ని" అంది.

"ఏదీ, ఇలా తే ఆ చెవి" అని ఆహున్ నిజంగానే మెలిపెట్టింది. "పరిగెత్తి పరిగెత్తి నా మోకాళ్లు రెండూ పాతికేళ్లు వెనక్కి పోయాయే. అది దొరికుంటే ఇవాళ మీ అందరికీ పంది కూరే."

చుయ్‌గ్వాన్ చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. చలికాలం తర్వాత ఆ ఇంట్లోవాళ్లు ఆయన నవ్వు చూడటం అదే మొదటిసారి. పిక్‌థోకు ఎంత సంతోషమైందంటే, తప్పు చేశానన్న సిగ్గు కూడా మరిచిపోయింది.

కూర వడ్డిస్తుండగా ఆహున్ ఇంకో మాట అంది. కావాలని అనలేదు, ఆమె నోరే అంత. "గ్వాన్ అన్నా, టేపు బాగానే ఉంది. కానీ అది పోయిన పందుల సంగతే చెబుతుంది. రేపు తప్పిపోయే పంది సంగతి ఎవరు చెబుతారు?"

ముసలాయన నవ్వు మొహంలోనే ఉండిపోయింది గానీ కళ్లలోంచి పోయింది. జేబు తడుముకున్నాడు. పిక్‌థో అది చూసింది. ఆహున్ మీద కోపం రాలేదు. నిజం చెప్పినవాళ్ల మీద ఎంతసేపని కోపం తెచ్చుకుంటాం?

ఇంటికెళ్లి ఆమె మళ్లీ బల్ల ముందు కూర్చుంది. మామగారి గొంతు పోలేదు, చిన్నదైంది. చిన్నదాన్ని పెద్దది చేయడానికి కాకపోతే మైకన్నది దేనికి? ఇన్నాళ్లూ ఆయన అరిచే మనిషి కనక మైకుకు ఆ పని పెట్టలేదు, అంతే. ఇంకో స్క్రిప్టు రాసింది. మైకు బలం చివరిదాకా పెంచు, వచ్చిన మాటను వచ్చినట్టే హారన్లకు పంపు. రెండే వరసలు. మొదటిసారి వేసినప్పుడు హారన్లు కీచుమని ఏడ్చాయి, గుడి పైకప్పు మీది కొంగలన్నీ లేచిపోయాయి. బలం కాస్త తగ్గించి, మైకును హారన్లకు దూరంగా లోపలి గదిలో పెట్టింది. ఈసారి అన్ని మీటలూ, ఒక్కోటి పదేసి సార్లు, నొక్కి చూసింది.

నెల ఆఖరి రోజు పొద్దున చుయ్‌గ్వాన్‌ను ఆ గదిలో కూర్చోబెట్టింది. తెర మీద ఆరో నంబరు ఎదుట ఆయన పేరే ఉంది. పలక కోసం ఆయన చెయ్యి చాపాడు. ఆమె దాన్ని వెనక్కి తీసుకుంది.

"అరవొద్దు మావయ్యా. నాకు చెప్పినట్టు చెప్పండి."

ఆయన ఎర్ర మీటను చూశాడు. ఊరంతా ఈ కాగితపు చప్పుడు వినడమా అన్న భయం ఆ మొహంలో ఆమెకు కనిపించింది. అంత పెద్ద మనిషి భయపడటం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆయన నొక్కాడు.

"హాయ్‌బ్వేకు నమస్కారం. నేను చుయ్‌గ్వాన్‌ని. రేపు పోటు ఆరుంబావుకి. పడవలు ముందే కట్టుకోండి. రేపు కూడా చెప్పేది నేనే."

ఆల్చిప్పల పాకలో కత్తులు ఆగిపోయాయి. చేపల బండివాడు ఇంజను ఆపేశాడు. అవతలి వీధిలో ఎవరో పిల్లల్ని నోరు ముయ్యమన్నారు. ఆ మెత్తటి గొంతు స్తంభం నుంచి స్తంభానికి పాకి సముద్రం ఒడ్డు దాకా వెళ్లింది. అది ఆగిపోయాక కూడా ఎవరూ వెంటనే కత్తి పట్టలేదు.

"ముప్పై మూడేళ్లు అరిచాడు. సగం చెవిన పెట్టేవాళ్లం కాదు" అంది ఆహున్ చివరికి. "ఇవాళ ఒక్క ముక్క పోలేదు."

ఆమె చొక్కా చేతితో మొహం తుడుచుకుని ఇంకో చిప్ప అందుకుంది.