పటంలో లేని వీపు

నోరు జారినందుకు కూడా ప్రయాణం చెయ్యాల్సి వస్తుందని ఆ శనివారం దాకా నాకు తెలియదు. డోన్‌లో నాది పటాలు కట్టే అంగడి. వెంకన్న, వీరభద్రుడు, మక్కా, మరియమ్మ, పెళ్లిఫొటోలు, అందరినీ ఒకే మేకుల డబ్బాతో బిగించేస్తాను. దేవుళ్ల ముఖాలన్నీ నాకు తెలిసినవే. వీపు సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. మా పనిలో వీపంటే అట్టముక్క.

ఉదయం ఆరున్నరకు నంద్యాల ప్యాసింజర్ ఎక్కాను. ఒళ్లో పేపరు చుట్టిన పటం. బేతంచెర్లలో బండల వ్యాపారి ఒకాయన ఎక్కి, నా పక్కన కూర్చున్న నిమిషానికే పటం మీద కన్నేశాడు.

“ఏందప్పా అది, అద్దమా?”

పేపరు విప్పి చూపించాను. పటంలో మరియమ్మ. తల మీద కిరీటం, చేతిలో బిడ్డ. మెడ కింది నుంచి గౌను మూడు మూలలుగా పరుచుకుని ఉంటుంది, దాని నిండా బంగారు పూలు. ఆయన తల అటూ ఇటూ వంచి చూశాడు.

“ఈయమ్మ కొండ మీద కూచోనుందా, ఈయమ్మే కొండా?”

నాకు భలే సంతోషమైంది. బొమ్మలోని కిటుకు అదే మరి. ఈ పటం శిరివెళ్ల రోజమ్మక్కది. ఆమె నంద్యాలలో నర్సుగా చేసి రిటైరైంది. ఆమెతో పనిచేసిన ముసలి సిస్టరొకామె వయసులో ఉన్నప్పుడు పెరూ దేశంలో ఉండి వచ్చిందట. చనిపోయే ముందు ఒక బొమ్మల పుస్తకం రోజమ్మక్క చేతిలో పెట్టింది. అందులోని ఈ బొమ్మను పెద్దది చేయించి పటం కట్టించడానికి అక్క నా దగ్గరికి తెచ్చింది. పుస్తకం నాలుగు రోజులు నా అంగట్లోనే ఉంది. వచ్చీరాని ఇంగ్లీషుతో మొత్తం చదివేశాను.

స్పెయిన్ వాళ్లు ఆ కొండల దేశాన్ని పట్టుకున్నాక, యూరప్ నుంచి అచ్చుబొమ్మలు తెచ్చి, కుస్కో అనే ఊరి చిత్రకారులకిచ్చి, ఇట్లాగే గీయండి అన్నారట. వచ్చినవి చాలా వరకు నలుపు తెలుపు బొమ్మలు, కాబట్టి రంగులు గీసేవాళ్ల ఇష్టం. గీస్తూ గీస్తూ ఆ దేవుళ్లను తమవాళ్లను చేసుకున్నారు. వాళ్లకు కొండంటే తల్లి. అందుకే మరియమ్మను కొండంత చేశారు. దేవదూతలకు జరీ కోటు తొడిగి చేతికి తుపాకీ ఇచ్చారు. ఆ బొమ్మ చూసి నేను మొదట పోలీసనుకున్నాను. ప్రభువు ఆఖరి విందులోనైతే, వాళ్ల ఇళ్లలో పెంచే చెవులపిల్లి లాంటి జీవిని కాల్చి పళ్లెంలో పెట్టారు.

“అంటే మనోళ్లు సంగటిముద్ద పెట్టినట్ల” అన్నాడు బండలాయన. నాలుగు రోజుల నా చదువును ఆయన ఒక్క ముద్దలో పెట్టేశాడు.

ఎనిమిదిన్నరకు నంద్యాలలో దిగి, స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. బజ్జీలో మిరపకాయ కళ్లనీళ్లు తెప్పించింది, టీ తాగి తుడుచుకున్నాను. తొమ్మిదింపావుకు ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. శిరివెళ్లలో రోజమ్మక్క, ఆమె మరిది చిన్నపరెడ్డి ఎక్కారు. ఆయన వాళ్ల ఊరి మరియమ్మ గుడి పెద్ద. అక్క రిటైరైన రోజు నుంచి ఒకే కోరిక మీద ఉంది. ఈ పటంలోని తల్లిని రాతిలో చెక్కించి గుడికివ్వాలని. మరుసటి రోజే పండగ. విగ్రహం తేవడానికి ట్రాక్టర్ ముందే వెళ్లింది.

“పటంలో ఎట్లుందో అట్లే ఉండాల సెట్టీ” అన్నాడు చిన్నపరెడ్డి, కూర్చోకముందే. “పిసరంత తేడా వచ్చినా గుడిలో పెట్టనీను. వదినకు ముందే చెప్పినా.”

నేను నోరు జారింది ఇక్కడే. నెల కిందట, నేను పంపిన ఈ బొమ్మ నకలు చూసి చెక్కుతున్న శిల్పి ఓబులాచారి ఫోన్ చేశాడు. “పటంలో వీపు లేదు సెట్టీ, ఎనక ఏం జెయ్యమంటావ్?” అని అడిగాడు. అంగట్లో బేరాల మధ్య ఉన్నాను. “మీ అమ్మవార్లకు ఎట్ల చేస్తావో అట్లే చెయ్యప్పా” అని పెట్టేశాను. నున్నగా తీసేస్తాడులే అనుకున్నాను. అక్కకు ఒక మాట చెప్పాలన్న తెలివి కూడా లేకపోయింది. అందుకే పండగ దగ్గరపడేసరికి భయం మొదలై, పటం చంకన పెట్టుకుని బయల్దేరాను.

ఆళ్లగడ్డలో పదిన్నర. రోడ్డు పక్క రేకుల షెడ్లలో మిషన్ల రొద, రాతిదుమ్ము. నందులు, వినాయకులు, ఎవరో నాయకుల తలలు వరసగా నిలబడి ఉన్నాయి. ఓబులాచారి షెడ్డులో మరియమ్మ మూడడుగుల ఎత్తున, నల్లరాతిలో. నేను పటం పక్కన పెట్టాను. కిరీటం, బిడ్డ, కొండలాంటి గౌను, ఒక్కో పువ్వూ అచ్చం. చిన్నపరెడ్డి తృప్తిగా తల ఊపి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాడు.

“ఏందీ ఇది?”

అందరం వెళ్లి చూశాం. ముసుగు కింది నుంచి నడుము దాకా బారెడు జడ. పైన చామంతి బిళ్ల, మధ్యలో మల్లెదండలు, చివర మూడు కుచ్చులు.

“అమ్మవారికి చేసినట్లే చెయ్యమన్న్యాడు సెట్టి” అన్నాడు ఓబులాచారి. “పటానికి ముందు పక్కుంటే చాలు. రాతికి చుట్టూరా ఉండాల గదా.”

చిన్నపరెడ్డి నన్ను చూసిన చూపుకు నాకు పటం వెనక దాక్కోవాలనిపించింది.

“పటంలో జడ యాడుంది? ఇది పెట్టనీను వదినా.”

“వద్దంటే అరగంటలో కొట్టేస్తా” అని ఓబులాచారి ఉలి తీసుకున్నాడు. “మళ్లీ కావాలంటే మాత్రం రాదు.”

రోజమ్మక్క విగ్రహానికీ ఉలికీ మధ్య వచ్చి నిలబడింది.

“చిన్నపా, పండగనాడు మరియమ్మ తేరు ముందర ఎవరు నడుస్తారు?”

“మేమే.”

“ఎనక?”

ఆయన ట్రాక్టర్ వైపు తిరిగాడు. అక్కే జవాబిచ్చింది.

“ఆడోళ్లం. పుట్టినప్పట్నుంచి నేను తేరు ఎనకే నడుస్తాండా. నాకు కనపడింది తేరు మీది ఆ పాత సున్నపుబొమ్మ వీపు. సదరంగా గోడ మాదిరుంటాది, నడుమ ఇనుప కొక్కెం. దానికే దండం పెట్టుకుంటా వచ్చినాం. వీపు లేని తల్లి యాడన్నా ఉంటాదా? మా అమ్మ నన్ను చంకనేసుకుని చేనికి పోతాంటే నేను పట్టుకున్యది జడనే.”

ఆమె చెయ్యి వెనక్కి పెట్టి ఆ రాతిజడను పట్టుకుంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, ఈసారి మిరపకాయ ప్రమేయం లేదు. చిన్నపరెడ్డి “ట్రాక్టర్ ఎనక్కి పెట్టు” అని డ్రైవరుకు చెప్పి బయటికి పోయాడు. ఒప్పుకున్నాడా, గుడి దగ్గర తేలుస్తాడా, ఎవరికీ అర్థం కాలేదు.

విగ్రహాన్ని గడ్డి మీద నిలబెట్టి, మోకులతో కట్టి పంపించేసరికి ఒంటిగంట. అక్క విగ్రహం పక్కన కూర్చుంది. ఆయన ముఖం ముడుచుకుని డ్రైవరు పక్కన ఎక్కాడు. నేను ఓబులాచారి పెట్టిన మజ్జిగన్నం తిని రెండింటి బస్సు పట్టుకున్నాను. ఆళ్లగడ్డకు వెళ్లేవాళ్లకు నాదొక సలహా. విగ్రహాలను వెనక నుంచి కూడా చూసి రండి. కుస్కో వాళ్లు గౌనును కొండ చేసినట్టు, మనవాళ్లు ఎక్కడో ఒక జడ పెట్టే ఉంటారు.

శిరివెళ్లకు ఇంకా కొంచెం దూరముందనగా మా బస్సు ట్రాక్టర్‌ను అందుకుంది. దారి ఇరుకు, డ్రైవరు వెనకే నెమ్మదిగా పోనిచ్చాడు. చూస్తే చిన్నపరెడ్డి ముందు లేడు. ట్రాలీలో విగ్రహం వెనక మోకాళ్ల మీద కూర్చుని, మోకు ఒరుసుకోకుండా తన కండువా మడిచి జడ మీద పెడుతున్నాడు.

నా ముందు సీట్లో ముసలమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

“జడ బలే ఉందే. యా ఊరి ఆడబిడ్డప్పా?”

“శిరివెళ్ల” అన్నాను.