పాయింటు రాయి

మా వీధిలో ఎవరో బోరు వేయిస్తున్నారు. కిటికీలోంచి రాతిపొడి వాసన రాగానే చేతిలో పని వదిలేసి నిలబడిపోయాను. బెళుగుప్ప దగ్గరి మా చేను, మా నాయన, ఆయన నోట్లో నానిన పాయింటు అనే ఇంగ్లీషు మాట, అన్నీ ఒక్కసారి కమ్ముకున్నాయి.

బడి గడప తొక్కని నాయనకు ఆ మాట లేనిదే పూట గడిచేది కాదు. ఇంట్లోని ఒకే ఒక్క బల్బూ పాయింటే, కబడ్డీలో మా అన్న కొట్టుకొచ్చేదీ పాయింటే, కాల్చిన వేరుశనక్కాయలు బూడిద ఊదుకుని, బెల్లం కొరుక్కుంటూ అరుగు మీద పెద్దలు వాదులాడుకునేటప్పుడు ఎవరైనా నోరు మూయించే మాటంటే చాలు, "అబ్బా, పాయింటు చెప్పినావప్పా!" అని తొడ చరిచేవాడు. "నీ పాయింట్లు తగలెయ్య, సంగటి సల్లారిపోతాండాది" అని అమ్మ కసిరేది.

అందరం గొంతు తగ్గించి పలికేది మాత్రం బోరు పాయింటునే. ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. మా ఊళ్లో నీళ్లు చూసే ఓబులప్ప తాత అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, తూర్పు గట్టు పక్కన ఆగాడు. కాయ నిటారుగా లేచింది.

"ఈడే పాయింటు. గంగమ్మ ఈడే ఉండాది" అన్నాడు.

నాయన అక్కడ రాయి పెట్టి, పసుపు కుంకుమ పూసి, చెప్పులు విడిచి మొక్కాడు.

ఆ రాయికి నాలుగడుగుల్లో నా సీతాఫలం చెట్టు. చెంబుతో నీళ్లు మోసి పెంచుకున్నాను, తొలి పిందెలు వేసి ఉంది. బోరు లారీ వస్తే ఇంకేముంది, నుజ్జే! ఎనిమిదేళ్ల బుర్ర కదా, ఎవరూ చూడకుండా రాయిని గట్టు వెంబడి పదడుగులు దొర్లించేశాను.

వారానికి లారీ వచ్చి, రాయి ఉన్నచోటే బోరు దించింది. చివరిదాకా దుమ్మే. కనుబొమలు తెల్లబడిన నాయన గట్టు మీద కూలబడి, "నమ్మినందుకు నోట్లో మన్ను కొట్టినాడు ఓబులప్ప" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. తర్వాత తాతను నీళ్లు చూడమని ఎవరూ పిలవలేదు. దారిలో ఎదురైతే నాయన మొహం తిప్పుకునేవాడు. నేను భయపడి నోరు విప్పలేదు.

తొలి పండు నాయనే కోసుకొచ్చి, "తిను పాపా, నీ చెట్టుదే" అన్నాడు. పండు అన్న చేతిలో పెట్టేశాను.

ఇప్పుడు ఆ చేను నిండా సోలార్ పలకలు. చెట్టు లేదు, టెంకాయతో తిరిగేవాళ్లు లేరు, నాయనా తాతా ఇద్దరూ లేరు. ఆ మొదటి చోట నీళ్లున్నాయో లేదో ఎవరూ తవ్వి చూడలేదు, ఇక చూడరు. అదీ నాకిప్పుడు అక్కర్లేదు. వాళ్లిద్దరూ ఎదురుపడే ఆ దారిలో ఒక్కసారి మధ్యన నిలబడి, "రాయి జరిపింది నేను నాయనా, తాతతో మాట్లాడు" అనాలని ఉంది.