ఖాళీ బిందెల పరామర్శ

నా చిన్నప్పుడు మా వాడలో చావుకంటే చావు ముచ్చటకే గిరాకీ ఎక్కువ. ఇప్పుడూ అంతే అనుకోండి. మొన్నామధ్య ఎక్కడో విమానం కూలితే, సాయంత్రానికల్లా పోయినవాళ్ళ తల్లిదండ్రుల ఏడుపు మా మనవరాలి ఫోనులోకి వచ్చేసింది. ఎవరో మైకు పెట్టి, చివరిసారి ఏం మాట్లాడాడమ్మా అని ఒక తల్లిని అడుగుతున్నారు. ఫోను కట్టేయమని కసిరాను. మా నాయనమ్మే ఉంటే ఆ మైకు లాక్కుని, చేతికి ఒక బిందె ఇచ్చేది.

మాది పటాన్‌చెరు ఫ్యాక్టరీలను ఆనుకున్న ఊరు. మా ఇంటి వెనక గల్లీలో ఉత్తరాది కొండల నుంచి వచ్చిన పదకొండు కుటుంబాలు కిరాయికి ఉండేవి. అన్నీ ఒకే ఊరివి. మగవాళ్ళంతా ఒకే ఇనుప కార్ఖానాలో పనిచేసేవారు. ఒక ఇంట్లో పిల్లకు జ్వరమొస్తే పదకొండు ఇళ్ళలో దీపం పెట్టేవారు.

వాళ్ళలో ఒకాయన ఫోర్‌మన్. కొత్త యంత్రం చూసి రమ్మని కంపెనీ ఆయనను విమానంలో పంపింది. ఆ గల్లీలో విమానం ఎక్కిన మొదటి మనిషి ఆయనే. అందరూ బస్సు దాకా వెళ్ళి సాగనంపారు. పైన తిండి పెడతారో లేదోనని వాళ్ళమ్మ రొట్టెలు, మామిడి తొక్కు గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. హిందీలో అమ్మగారు అన్నట్టు, ఆమెను మేమంతా మాజీ అని పిలిచేవాళ్ళం. విమానం కొండకు తగిలి కూలిందని మరునాడు కార్ఖానా నుంచి మనిషి వచ్చి చెప్పాడు.

పదకొండు ఇళ్ళలోనూ పొయ్యి వెలగలేదు. పదకొండు ఇళ్ళూ మైల పట్టాయి. పదమూడు రోజులు అందరూ రోజూ తలస్నానాలు చేయాలి. మా బోర్ల నీళ్ళు అప్పటికే పచ్చబడి వాసన కొడుతున్నాయి. ఊరందరికీ ట్యాంకరే దిక్కు. మా వాళ్ళ తెలివి ఇక్కడే చూడాలి. మైలవాళ్ళు పైపు ముట్టుకోకూడదని ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళు ఆ గల్లీ వాళ్ళను దూరంగా నిలబెట్టారు. అలా నిలబెట్టినవాళ్ళే తమ బిందెలు ఇంట్లో దించుకుని, కొంగు సర్దుకుని పరామర్శకు బయల్దేరేవారు. మాజీ ముందు కూర్చుని, ఎన్ని రొట్టెలు కట్టావు, తిన్నాడంటావా, పోయేముందు ఏమన్నాడు అని అడిగేవారు. ఇంటికి వచ్చినవాళ్ళు అడిగితే చెప్పకపోవడం మర్యాద కాదని ఆమె నమ్మకం. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పేది. మూట దగ్గరికి వచ్చేసరికి కొంగులో ముఖం దాచుకునేది. తేరుకునేలోపు ఇంకో గుంపు వచ్చి కూర్చునేది. మూడు రోజులు ఆమెకు కంటి మీద కునుకు లేదు.

నేనూ అడిగాను. దాచి లాభం లేదు. బడిలో అందరూ నా చుట్టూ చేరుతున్నారు, నా దగ్గర కొత్త సంగతి లేదు. వచ్చీరాని హిందీలో, బస్సెక్కాక కొడుకు వెనక్కి తిరిగి చూశాడా అని అడిగాను. ఆమె మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. జావ తెచ్చిన మా నాయనమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నన్ను కొట్టలేదు. రెక్క పట్టుకుని బయటికి తెచ్చింది.

మరునాడు పొద్దున్నే ఆ ఇళ్ళలోని ఖాళీ బిందెలన్నీ గల్లీ మొదట్లో పెట్టించి, పీట వేసుకుని కూర్చుంది. పరామర్శకు వచ్చిన మొదటామెను అక్కడే ఆపింది.

"వచ్చినవా బిడ్డా, మంచిగయింది. గిది పట్కపో. నింపుకొచ్చి లోపల దించు. చావింట్ల పోయొస్తనని అనం గదా, గట్లనే ఏమైందని గూడ అనొద్దు."

మనిషిని చూసి పోదామని వచ్చానన్నాడు కిరాణా కొట్టు ఆయన.

"ఏం జూస్తవురా? పానమైతే ఉన్నది. నడుము మంచిగనే ఉన్నది గదా నీకు, జెర పెద్ద బిందె తీస్కో."

ట్యాంకరు దగ్గర పెత్తనం చేసే ఆమె మైల మాట ఎత్తింది. నాయనమ్మ ఒక బిందె ఎత్తి ఆమె ముందుకు చాపింది.

"పైపు ముడితే మైలంటివి. దినాం ఆమె నోట్లకెల్లి ముచ్చట గుంజుకపోతున్నవు, గది మైల గాదా? పట్టు."

కంపెనీ క్వార్టర్సు నుంచి ఒక ఆఫీసరు భార్య గంజి చీరలో వచ్చింది. వాళ్ళది కోస్తా. "అయ్యో, ఊరికే పలకరించి పోదామని వచ్చానండీ," అంది.

"నీళ్ళతోని పలకరియ్యమ్మా. చీర తడిస్తే ఎండ ఉన్నది."

ఆవిడ ముఖం ముడుచుకుని వెనుదిరిగింది. ఆ రోజు సగంమందికి హఠాత్తుగా ఇంటిపనులు గుర్తొచ్చాయి. కానీ ఆఫీసరు భార్య మరునాడు పాత నూలు చీరలో వచ్చి రెండు బిందెలు అందుకుంది.

నాకు చిన్న బిందె. బడికి ముందు పది, వచ్చాక పది, పదమూడో రోజు దాకా. అందరూ అడిగితే నాకొక్కదానికే ఈ శిక్షేమిటని రోజూ సణుగుతూ మోశాను. ఒక సాయంత్రం లోపలికి వెళ్ళేసరికి మాజీ గోడవారగా ఒత్తిగిలి నిద్రపోతోంది. బిందె వంచితే చప్పుడవుతుందని చెంబుతో ముంచి, గోలెంలోకి ధార జారవిడిచాను. ఆ బిందె ఖాళీ కావడానికి చాలాసేపు పట్టింది. బయటికి వచ్చాక ఇంకో బిందె నేనే అడిగి తీసుకున్నాను.

నెలలు గడిచాక, ఒక మధ్యాహ్నం మా అరుగు మీద నాయనమ్మతో చిక్కుడుకాయలు ఒలుస్తూ మాజీ తనంతట తానే చెప్పింది. నాలుగు చాలమ్మా అన్నాడట కొడుకు. తనే పట్టుబట్టి ఆరు రొట్టెలు కట్టిందట. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి మూట పైకెత్తి చూపిస్తూనే ఉన్నాడట. నాయనమ్మ తల ఎత్తలేదు, ఒలుస్తూనే ఉంది. నేనూ అంతే.

తర్వాత ముప్పై ఏళ్ళు పత్రికలో పనిచేశాను. అడగడమే మా ఉద్యోగం. అధికారులను విసిగించి మరీ అడిగాను. ఏడుస్తున్న తల్లుల ముందు మాత్రం పుస్తకం సంచిలోంచి తీయలేదు. ఆఫీసులో అందుకు తిట్లు తిన్నాను, వాటికి పెద్దగా బాధపడలేదు.

ఇప్పుడు మా వైపు ఇంటింటికీ కుళాయి వచ్చింది. అయినా పరామర్శకు వెళితే నా కళ్ళు ముందు బిందెల వైపే పోతాయి. అన్నీ నిండుగా ఉంటే అంట్ల ముందు కూర్చుంటాను. చెప్పాలనుకున్నవాళ్ళు ఆ గిన్నెల చప్పుడు మధ్యనే వచ్చి చెబుతారు. చెప్పకపోతే చేతులు తుడుచుకుని, పోయొస్తానని అనకుండా వచ్చేస్తాను.