అవ్వ రూపాయిని నకిలీ అన్న రోజు

ఒక మనిషి తన పెళ్లిని తానే, పట్టపగలు, ఇంటినిండా చుట్టాలు చూస్తుండగా ముంచుకోగలడా అని మీకు అనుమానముంటే నా దగ్గరికి రండి. ముంచుకోవడానికి వరద అక్కర్లేదు. మా అనంతపురంలో అది దొరకదు కూడా. ఒక్క వెండి రూపాయి చాలు.

అది 1999 వేసవి. నాకు ఇరవై ఆరేళ్లు. సోమందేపల్లెలో పంతులు ఉద్యోగం వచ్చి ఏడాదైంది. దాంతోపాటు లోకంలో నాకు తెలియనిదే లేదన్న జబ్బు కూడా వచ్చింది. ఆ జబ్బు బాగా ముదిరిన వారంలోనే, బజ్జీలు చుట్టిచ్చిన కాగితంలో ఒక వ్యాసం దొరికింది. తెల్లదొరల కాలపు వెండి రూపాయి అసలుదో నకిలీదో కనిపెట్టడం ఎలా అని. ‘అసలుదని తెలిసిన రూపాయిని పక్కన పెట్టుకుని మోత, మందం, అంచు పోల్చి చూడండి’ అన్నంతవరకు ఉంది. మిగతాది నూనెలో నాని చిరిగిపోయింది. పోతే పోయింది, నాలాంటి మేధావికి సగం వ్యాసం చాలదా అనుకున్నాను.

ఆ ఆదివారమే గోరంట్ల దగ్గరి ఒక పల్లెలో నా పెళ్లి మాట ఖాయం చేసుకోవాలి. అమ్మాయి పేరు పద్మ. చూసి వచ్చినప్పటినుంచి నేను బడిలో రెండో ఎక్కం కూడా తప్పు చెబుతున్నాను, అంత నచ్చింది. మాట ఖాయమైన రోజు తాంబూలంలో రాణి బొమ్మ రూపాయి పెట్టి ఇచ్చుకోవడం మా రెండు ఇళ్లలోనూ ఆనవాయితీ. మా నాయన పెట్టె అడుగునుంచి మా తాత రూపాయి తీసుకొచ్చి వాళ్ల పళ్లెంలో పెట్టాడు. పద్మ వాళ్ల అవ్వ, నాగమ్మవ్వ, కొంగు ముడి విప్పి తన రూపాయిని నా తాంబూలంలో పెట్టింది.

బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? కళ్లకద్దుకుని జేబులో వేసుకుంటాడు. నేను తీసి బండల మీద కొట్టాను.

ఖణేల్‌మంది. బయట కట్టేసిన మేక కూడా తలెత్తి చూసింది.

“ఏంరా అది?” అన్నాడు నాయన పళ్లు బిగించి.

“ఉండు నాయనా, పరీక్ష చేస్తాండా.”

అసలుదని తెలిసినది మాదే కదా, పళ్లెంలోంచి మా రూపాయి తీసి అదే బండ మీద కొట్టాను. టప్పుమంది, గోడకు పిడక చరిచినట్టు. నా ఒళ్లు పులకరించింది. మోతలో తేడా! పక్కపక్కన పెట్టి చూశాను. మందంలో తేడా! అంచులో తేడా! పైగా అవ్వ రూపాయి మీద రాణిగారి ముక్కు అరిగిపోయి ఉంది. పద్మ వాళ్ల నాయన ఓబులేసు వైపు తిరిగాను.

“మామా, మీరేమీ అనుకోవద్దు. మీ రూపాయి నకిలీది.”

ఓళిగ కొరికినవాళ్లు కొరికినట్టే ఆగిపోయారు.

“యాడ సూసి చెప్తాండావప్పా?” అన్నాడు ఓబులేసు.

“మోత చూసి మామా! నిండు కుండ తొణకదు, అసలు వెండి అరవదు. మా రూపాయి సూడండి, ఎంత మర్యాదగా ఉండాదో!”

నాయన నా తొడ గిల్లాడు. అది మెచ్చుకోలు అనుకున్నాను.

నాగమ్మవ్వ లేచి నిలబడింది. “ఏమప్పా పంతులూ, మా యమ్మ నా పెండ్లినాడు నా చేతిలో పెట్టిన రూపాయి ఇది. అప్పటినుంచి కొంగున కట్టుకోని తిరిగితి. అది దొంగదా?”

“నీ తప్పేం లేదవ్వా, పాపం మీయమ్మను ఎవరో మోసం చేసినారు,” అని ఓదార్చాను.

ఆ ఓదార్పుతో ఓబులేసు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “బావా, ఇంక లేయండి. చచ్చిపోయిన మా జేజిని, మాయమ్మను కన్నదాన్ని కూడా ఇడిసిపెట్టని ఇంటికి పిల్లనెట్ల ఇచ్చేది?”

తలుపు వెనక గాజుల చప్పుడైంది. పద్మ అక్కడినుంచి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు మొదటిసారి చేతిలోని రూపాయలు కింద పెట్టాను.

“కూచోరా ఓబులేసూ,” అంది అవ్వ. “మన కంసాలి ఆచారి ఉండాడు కదా, ఆయప్పే తేలుస్తాడు.”

మిట్టమధ్యాహ్నం ఎండలో అందరం ఊరేగింపుగా వెళ్లాం. ముసలి ఆచారి, ఏది ఎవరిదని కూడా అడక్కుండా, రెండు రూపాయలనూ అరచేతిలో కలిపి తీసుకున్నాడు. తూచాడు. గీటురాయి మీద గీశాడు. ఒకదాని అంచు చిన్న ఆకురాయితో రాశాడు. చివరికి దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, “ఇది వెండి కాదప్పా. సీసమూ తగరమూ కరిగించి పోసినారు. తులం బరువు తూగల్ల, ఇది అంత తూగల్యా. అసలుదైతే ఖణీమంటాది, ఇది మూగది,” అన్నాడు.

మూగది అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగితే నేనెందుకవుతాను? చెయ్యెత్తి అరిచాను.

“నేను చెప్పలా! ఇట్లాంటి రూపాయి తాంబూలంలో పెట్టినోళ్లు నలుగుర్లో తల ఎట్ల ఎత్తుకుంటారో సూస్తా!”

అవ్వ నిదానంగా ముందుకొచ్చి, ఆచారి అరచేతిలో మిగిలిన రూపాయి తీసుకుంది. “ముక్కు అరిగింది ఇదో, ఇది నాది. నీ చేతిలోది ఎవురిది ఆచారీ?”

అందరూ మా నాయన వైపు తిరిగారు. నాయన తల ఎత్తలేదు.

“మా నాయన... రెండు పొట్టేళ్లిచ్చి తెచ్చుకున్యాడు దాన్ని,” అన్నాడు నేలతో.

నేను భూమిలోకి దిగిపోదామనుకున్నాను. కరువు నేల, పారకైనా లొంగదు, నాకేం లొంగుతుంది? అవ్వ కాళ్లూ ఓబులేసు కాళ్లూ పట్టుకుందామని వంగబోతే, మొదట కిసుక్కుమన్నది అవ్వే. వక్కాకు నోట్లోంచి పడేదాకా నవ్వింది. అది చూసి ఆచారి నవ్వాడు, ఆచారిని చూసి ఓబులేసు మీసం కదిలింది.

“నవ్వుతాండావేందే అమ్మా? సంబంధం ఉంచల్లా, తెంచల్లా?” అని అడిగాడు ఓబులేసు.

“ఉంచురా! రూపాయి దొంగదైతే ఏమి, పిల్లోడు అసలుసిసలోడు. ఇంత తిక్కలోన్ని నకిలీగా పోత పోసేది ఎవురి చేతా కాదు!”

అలా నా పెళ్లయింది. అందుకే అష్టదిక్పాలకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకే వస్తువునూ మంచిదో చెడ్డదో తేల్చను. ఊరిబిండి పచ్చడి రుచి చూసి చెప్పమన్నా సరే, నూరింది పద్మా, మా అమ్మా అని ముందు తెలుసుకోనిదే నోరు తెరవను.