కోతులు వచ్చిన దారి

అడవి కోతులు ఎక్కడెక్కడ బతుకుతున్నాయో పటం గీసే పని మీద వెలిగొండ అడవులన్నీ తిరిగి నెల్లూరు తీరానికి వచ్చాను. కోట అనే ఊరు దాటాక, సముద్రపు ఒడ్డు సరుగుడు తోటలో పెద్ద కోతుల గుంపు కనిపించింది. కొండల్లో ఉండాల్సినవి ఈ ఇసుక నేలకు ఎందుకొచ్చాయని మా బృందం ఫోన్లో చాలాసేపు వాదించుకుంది. ఎండలు పెరిగాయని ఒకరు, అడవిలో పండ్లు తగ్గాయని మరొకరు తేల్చారు.

పక్కనే వేరుశనగ చేనుకు కాపలా ఉన్న కామాక్షమ్మను అడిగాను. "అక్కా, ఈ కోతులు ఏ దారిన వచ్చాయి?"

"వ్యాన్లో వచ్చినాయి అబ్బయా. కొండ పక్క ఊళ్ళోళ్ళు బోన్లలో పట్టి, ఎవురూ లేనప్పుడు ఈడ ఒదిలిపోయినారు."

"మరి మీరేం చేశారు?"

"ఆంజనేయసామి గదా, కొట్టకూడదు. శనివారం అరటిపళ్ళు పెట్టి, దణ్ణం పెట్టుకోని, మేము గూడా వ్యాను మాట్లాడినాం. యాడ ఒదలాల్నో తెలీక ఆగుండాం."

భక్తికీ బాడుగ వ్యానుకీ ఇంత చక్కని పొత్తు నేనెక్కడా చూడలేదు. అయినా శాస్త్రం సామాన్యులకు చేరాలన్న ఉత్సాహం కొద్దీ ఫోన్లో మా పటం తెరిచి, కోతులున్న ఊళ్ళకు ఎర్రరంగు వేశామని గర్వంగా వివరించాను. ఆమె శ్రద్ధగా చూసి, తోటపల్లి గూడూరు వైపు తెల్లగా ఉన్నచోట వేలు పెట్టింది.

"ఈడ ఒక్కటి గూడా లేదా?"

"లేదక్కా."

కామాక్షమ్మ వెంటనే మొగుడికి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, చోటు దొరికింది. వ్యానోణ్ణి రమ్మను."