ముద్దనూరు దాటాక ఆగిపోయిన చుక్క

దయ్యాల మాట నేనెన్నడూ నమ్మలేదు. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళు విలేఖరిగా ఉన్నాను. ఫ్యాక్షన్ రోజుల్లో ఎన్నో శవపంచనామాల పక్కన నిలబడి వార్తలు రాసుకున్నాను. ఆ చచ్చినవాళ్ళలో ఒక్కరూ నా దగ్గరికి రాలేదు.

మా అక్క కూతురు సరళ ఇక్కడే నగల షాపులో పనిచేస్తుంది. ఫోనులో డేటింగ్ యాప్ ద్వారా కిరణ్ అనే అబ్బాయి పరిచయమయ్యాడు. పులివెందులలో ఉద్యోగం. అతన్నే పెళ్ళి చేసుకుంటానని ముందు నాతోనే చెప్పింది.

నా భయం చూసి, యాప్‌లో జాగ్రత్తలు ఎలా ఉంటాయో తనే చూపించింది. ముఖం అటూ ఇటూ తిప్పి వీడియో తీస్తే, ఫోటో అతనిదేనని తేల్చుకుని టిక్కు పెడతారు. ఇంటిపేరు, ఊరు దాచుకోవచ్చు. బయల్దేరినప్పుడు ఎక్కడున్నదీ నమ్మినవాళ్ళకు మ్యాపులో చుక్కలా కనపడుతుంది.

"ఊరు చెప్పనోడు మంచోడెట్లయితాడు పాపా?"

"ఆయప్పకు చెప్పేకి ఇష్టంల్యా మామా. నువ్వు తవ్వొద్దు."

మా వైపు సంబంధమంటే ముందు ఏ ఊరని అడుగుతారు, ఆ తర్వాత ఏ పార్టీ అని. పార్టీ అంటే జెండా ఒక్కటే కాదు, ఊళ్ళో ఎవరి వర్గం అని. అది తెలుసుకోకుండా నేను ఉండలేకపోయాను. పైగా ఫోటోలో ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఒక హత్య కేసులో సాక్ష్యం చెప్పి, ప్రాణభయంతో పెళ్ళాంబిడ్డలతో ఊరు వదిలిపోయిన మనిషి పోలిక. ఆ పల్లెలో ఒకప్పుడు నాకు వార్తలందించిన పరిచయస్థుడికి ఫోన్ చేశాను.

"ఆ కేసులో సాక్ష్యం చెప్పినాయన కొడుకు పులివెందులలో పనిచేస్తాండాడే, ఎట్లాంటోడప్పా?"

అతను నవ్వాడు. "యాడుండాడో ఇన్నేండ్లూ మాకే తెలీకపాయె. నువ్వే చెప్తివి కదప్పా!"

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. కేసు పాతబడింది కదా అని సర్దిచెప్పుకున్నాను. కిరణ్‌ను హెచ్చరించలేదు.

వారం తర్వాత అతను నన్ను చూడటానికి బైకు మీద బయల్దేరాడు. సాయంత్రం నాలుగింటికి మా వసారాలోకి వచ్చాడు. నీలం గళ్ళ చొక్కా, చేతిలో హెల్మెట్. చెంబుతో నీళ్ళిచ్చాను. తాగలేదు.

"మా ఊర్లో విచారించినారంట. నన్నే అడిగింటే చెప్పింటి కదా మామా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

అప్పుడే షాపు నుంచి సరళ ఫోన్. "మామా, కిరణ్ చుక్క ఒంటిగంట కాడ్నుంచి ముద్దనూరు దాటినాక ఆడే ఆగిపోయుండాది. ఫోనెత్తడంల్యా."

"పిచ్చిదానా, ఈడే నా ముందర కూచోనుండాడు. ఇస్తా, మాట్లాడు," అని ఫోను చాచాను.

కుర్చీ ఖాళీ. చెంబు నిండుగా ఉంది. గేటుకు వేసిన గొళ్ళెం వేసినట్టే ఉంది.

పోలీసులకు అతను ఆ చుక్క ఉన్నచోటే కత్తిపోట్లతో దొరికాడు. ప్రాణం పోయింది ఒంటిగంట ప్రాంతంలోనని పంచనామాలో రాశారు. ఒంటిమీద నీలం గళ్ళ చొక్కా.

నేను చేసిన ఫోను సంగతి పోలీసులకు చెప్పాను. సరళకు చెప్పలేకపోయాను.

ఎండకు కునుకుపట్టి కలగన్నానని అనుకుందామంటే, నేనన్న మాట సరళ తన చెవులతో విన్నది. అంతకుముందెన్నడూ చూడని చొక్కా నా కలలోకెలా వస్తుంది? నాలుగేళ్ళయినా జవాబు లేదు.

ఇంటికొచ్చినప్పుడల్లా సరళ అడుగుతుంది. "నీతో ఏమన్నాడు మామా?"

"నువ్వు బాగుండావా అని అడిగినాడు పాపా."

"ఇంగోసారి చెప్పు."

చెప్తాను.

ఇది తను చదువుతుందని తెలిసే రాశాను.