మా ఆయన బ్రేకు, మా తమ్ముడి దిమ్మలు

మా ఆయన పెద్ద లారీ ట్రైలర్లకు బ్రేకులు బాగుచేస్తారు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆయన చెయ్యి పడ్డ బండి ఆగలేదన్న దాఖలా లేదు. ఆయన నోరు మొదలుపెడితే ఆగిన దాఖలా కూడా లేదు.

పెళ్ళైన కొత్తలో ఏవో ముచ్చట్లు చెబుతారనుకుంటే, గాలి బ్రేకు గురించి చెప్పారు. "అందరూ గాలి వల్ల బ్రేకు పడుతుందనుకుంటారు. బండిని నిలబెట్టే బ్రేకు దానికి తలకిందులు. చక్రం దగ్గర ఇనప డబ్బా, అందులో మహా మొండి స్ప్రింగు. దాన్ని గాలి అణిచిపెట్టి ఉంచుతుంది. గాలి పోయిందా, స్ప్రింగు విచ్చుకుని చక్రాన్ని పట్టేస్తుంది. గొట్టం తెగినా బండి ఆగుతుందే గాని పారిపోదు."

"మరి గాలి లేకుండా బండిని కదపాలంటే?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని. అంతే, ఆయనకు హుషారొచ్చేసింది. దానికో పొడుగాటి బోల్టు ఉందట. డబ్బా వెనకనుంచి దూర్చి నట్టు బిగిస్తే స్ప్రింగు ముడుచుకుని చక్రం వదులవుతుంది. పని కాగానే బోల్టు తీసెయ్యాలి. మరిచిపోతే గాలి పోయినా స్ప్రింగు కదలదు. నిలబెట్టిన బండికి బ్రేకు లేనట్టే.

అందుకే షెడ్డు గుమ్మం పైన రెండు మేకులు కొట్టుకున్నారు. బోల్టులు రెండూ ఆ మేకులకు వేలాడితేనే బండి గుమ్మం దాటాలి. అది ఆయన నియమం.

మా తమ్ముడు ట్రైలర్ డ్రైవరు. వాడి నియమం వేరు. బండి ఎక్కడ ఆపినా దిగి చక్రాల కింద రెండు చెక్క దిమ్మలు పెడతాడు, బల్లపరుపు నేలైనా సరే. అది చూస్తే మా ఆయనకు ఒళ్ళుమంట.

ఆ రోజు పొద్దున వాడు గాలి కారుతోందని ట్రైలర్ తెచ్చాడు. ఈయన రెండు బోల్టులూ బిగించి, బండిని లోపలికి లాగించి, గొట్టం మార్చారు. మా ఇల్లు షెడ్డు వెనకే కాబట్టి, వాడు మళ్ళీ చక్రాల కింద దిమ్మలు పెట్టబోతే జరిగిందంతా కిటికీలోంచి చూశాను.

"నేను బాగుచేసిన బండికి కూడా దిమ్మలేనా?"

"అలవాటు బావా."

"అలవాటు కాదు, అపనమ్మకం. ఇటియ్యి." లాక్కుని మూలకు విసిరేశారు. వాడు తల గోక్కుంటూ బండెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వెళ్ళాను. గుమ్మం దగ్గర తలెత్తితే మేకులు రెండూ బోసిగా ఉన్నాయి.

"ఏమండీ, బోల్టులేవి?"

ఆయన పైకి చూశారు. కోపంలో దిమ్మలు లాక్కున్నారు గాని, బోల్టులు తియ్యలేదు. దారిలో భయం లేదు, కాలితో తొక్కే బ్రేకుకు అవి అడ్డం రావు. వాడికి తేడా కూడా తెలియదు. కానీ వాడు వెళ్ళింది ఏటవాలు నేల మీదున్న రాళ్ళ క్వారీకి. అక్కడ రాళ్ళు నింపడానికి ట్రైలర్ని వదిలి, ఇంజనున్న ముందు బండిని విప్పుకుని వెళతాడు. ఇక ట్రైలర్ని పట్టి ఉంచాల్సింది ఆ స్ప్రింగులే. వాలు కింద రాళ్ళు కొట్టేవాళ్ళు కూర్చుని ఉంటారు.

ఫోన్ చేశాం. మోగి మోగి ఆగింది. బండి నడుపుతూ ఫోన్ ఎత్తనని వాడిచేత ఒట్టు వేయించుకుంది నేనే. ఇప్పుడు ఆ ఒట్టే నా పీకకు చుట్టుకుంది. బండి ఆపి, విప్పాక ఎత్తి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఆయన స్కూటర్ తీశారు. నేను దిమ్మలు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. దారిలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ నోరు మూతపడితే బాగుండునని కోరుకున్నదాన్ని, ఆ వేళ అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

సగం దారిలో ఫోన్ మోగింది. స్కూటర్ ఆపి, ఆయన కూడా ఫోన్ దగ్గర చెవి పెట్టారు.

"ఏంటక్కా, ఇన్నిసార్లు చేశావు?"

"ట్రైలర్ విప్పావా?"

"విప్పాను. జానెడు కిందికి జారి, రాళ్ళకి ఆనుకుని ఆగింది. బావకి చెప్పకు."

"ఏ రాళ్ళురా?"

"దిమ్మలు బావ లాక్కున్నాడుగా. రెండు బండరాళ్ళు దొర్లించి చక్రాల కింద పెట్టాకే విప్పాను. తెలిస్తే తిడతాడు."

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయన ఫోన్ అందుకుని, "ఆ రాళ్ళు కదపకు. కిందవాళ్ళని పక్కకి పంపించెయ్. నేనొస్తున్నా," అన్నారు. ఆ తర్వాత రోడ్డు పక్కన మైలురాయి మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నారు.

"వాడు నా మాట విని ఉంటే..." అన్నారు.

అనడానికి నా దగ్గర చాలానే ఉన్నాయి. ఆ పూటకు వదిలేశాను.

క్వారీలో ముందు దిమ్మలు పెట్టి, తర్వాత బోల్టులు విప్పారు. నట్టు తిప్పేకొద్దీ లోపల స్ప్రింగు విచ్చుకుని చక్రాన్ని బిగపట్టింది. బయటికొచ్చిన బోల్టులు చూడగానే తమ్ముడికి సంగతంతా అర్థమైంది. బావని నొప్పించే గుణం కాదు వాడిది. వంగి దిమ్మలు తియ్యబోయాడు.

"బ్రేకు పడిందిగా బావా, ఇంక ఇవెందుకు?"

మా ఆయన వాడి చెయ్యి పట్టుకుని ఆపారు.

"పడింది. అయినా ఉండనీరా."